ఏడనో ఓ మూలకు

మొన్నొక గురువారం పొద్దున నేను చాటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతుంటే మహబూబ్ ఫోన్ చేశాడు. మహబూబ్ మా ఊళ్లో మా ఎదురింటి ఖాసింబీ అత్త కొడుకు. వాడు పుట్టిన రోజు నాకు గుర్తుంది. ఇప్పుడు వాడి గడ్డం కూడా తెల్లబడింది. అత్త పోయి ఏడాది దాటింది. మొన్నటి వానలకు ఒక గోడ కూలితే, పాత ఇల్లు మొత్తం విప్పి అదే జాగాలో స్లాబు వేసుకుంటున్నాడు.

"అక్కా, దూలాలు ఇప్పినం, పెంకలు దించినం. అరుగొక్కటి మిగిలింది. నువ్వొచ్చి సూడందే నేను గడ్డపార ఎయ్య," అన్నాడు.

"అరుగుల సూసెతందుకు ఏమున్నదిరా?"

"రెండు గుంటలు కొట్టిన బండ ఉన్నది గదా. అమ్మ పానం బాగలేనప్పుడు గూడ చెప్పింది. గా బండ బాలమణోళ్లది, దాన్నడగకుంట కదిలియ్యొద్దు అని."

బాలమణి అంటే నేనే. "రేపొస్త," అని మాత్రం చెప్పి పెట్టేశాను.

నేనిప్పుడు భువనగిరిలో నా బిడ్డ సుజాత దగ్గర ఉంటున్నాను. నా పెనిమిటి పోయాక తనే వచ్చి తీసుకుపోయింది. "అల్లుని ఇంట్ల ఎన్ని దినాలుంటవమ్మా?" అని అడిగినవాళ్లకు "ఎల్లగొట్టేదాక," అని జవాబు చెప్తాను, అల్లుడు వింటుండగానే. అల్లుడు నర్సింహ మంచివాడు, నవ్వుతాడు. బోరు మోటార్లు కాలిపోతే కొత్త తీగ చుట్టి బాగుచేసే దుకాణం ఉంది అతనికి. సుజాత ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పెళ్లయిన నాటి నుంచి కిరాయి ఇళ్లు మారి మారి, ఈసారి సొంత ఇల్లు కొనుక్కోవాలని ఆరు నెలలుగా తిరుగుతున్నారు. చివరికి రెండు ఇళ్లు మిగిలాయి. ఆదివారం లోపల ఏదో ఒకదానికి మాట చెప్పాలి. అల్లుడి మనసు కొత్త కాలనీలో ఉన్న పెద్ద ఇంటి మీద పడింది. పెద్ద గేటు, నేల నిండా మొహం కనిపించే టైల్స్, బండి పెట్టుకునే జాగా, తూర్పు దర్వాజ. నన్ను కూడా తీసుకుపోయి చూపించారు. "మంచిగున్నది," అన్నాను. గేటును చూసి అన్న మాట అది. ఆ సంగతి నాకే తర్వాత తెలిసింది.

శుక్రవారం పొద్దున బస్సెక్కి ఊరికి పోయాను. మా ఊరు పోచంపల్లికి దగ్గర, అక్కడిలాగే మాదీ మగ్గాల ఊరు. మహబూబ్ ఇంటి జాగాలో ఎర్రమన్ను కుప్పలు, పెంకల దొంతరలు, వాటి మధ్య అరుగు ఒంటరిగా నిలబడి ఉంది. బండ మీద మన్ను కొంగుతో దులిపి కూర్చున్నాను. నా మోకాళ్ల ముందు ఆ రెండు గుంటలు, పిడికిలి పట్టేంత, ఒకదానికొకటి జానెడు దూరంలో. నా చెయ్యి ఆసు పోస్తున్నట్టు దానంతట అదే గాలిలో ఆడబోయింది. అలవాటు అంత తొందరగా పోదు.

ఆసు తెలియనివాళ్లకు ముందు అదేమిటో చెప్తాను. మా దగ్గర చీర మీద పువ్వు మగ్గం మీద పుట్టదు. నెయ్యకముందే, అడ్డంగా నేసే పేక దారానికి లెక్కప్రకారం ముడులు కట్టి, రంగులో ముంచి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచుతారు. ఆ ముడులు కట్టడానికి దారాన్ని ముందు ఆసు మీద పోయాలి. ఆసు అంటే రెండు కాళ్ల మీద నిలబడే ఒక కట్టె. ఒక చివర ఒంటి మేకు, రెండో చివర నెలవంకలాగా వంగిన పలక మీద మేకుల వరుస. దారం ఒంటి మేకు దగ్గర మొదలై వరుసలో ఒక్కొక్క మేకును చుట్టుకుని వెనక్కి రావాలి. చీరకు వేలసార్లు చెయ్యి పోవాలి, రావాలి. ఒక్క మేకు తప్పితే నేత దగ్గర పువ్వు రెక్క విరుగుతుంది. మగ్గం మగవాళ్లది, ఆసు ఆడవాళ్లది. ఎవరూ రాసిపెట్టలేదు గాని మా వాడకట్టులో అన్ని ఇళ్లలో అట్లాగే ఉండేది.

నాకు పదేళ్లు వచ్చేనాటికి మేము కింది వాడలో కిరాయికి ఉండేవాళ్లం. నాయిన, అమ్మ, నాయినను కన్న మా అవ్వ, నేను. ఇంటాయన కొడుకు పెళ్లి కుదిరి ఇల్లు ఖాళీ చేయమన్నాడు. నేతపనివాళ్లకు ఇల్లు దొరకడం అంత తేలిక కాదు. గుంట మగ్గం వెయ్యాలంటే అర్రలో నేల తవ్వాలి. నేసేవాడు ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. "మా ఇంట్ల బొంద తవ్వుతరా?" అని కొందరు మొహం మీదే తలుపేసేవాళ్లు. ఒప్పుకున్నవాళ్ల ఇంటిని మాత్రం మావాళ్లు పెళ్లికూతుర్ని చూసినట్టు చూసేవాళ్లు. నాయిన గడ్డపార పట్టుకుని ముందు నడిచేవాడు, వెనక అవ్వ కొంగులో నూలు చిలప, అంటే దారపు చుట్ట, కట్టుకుని. మొదట నాయిన అర్రలో ఒక మూల మోచెయ్యంత లోతు తవ్వి చూసేవాడు. మావి రాళ్ల నేలలు. గడ్డపార ఠంగుమందా, ఆ ఇల్లు మాకు కాదు. మెత్తగా దిగితే అప్పుడు అవ్వ వంతు. దూలానికి చిలప తగిలించి, దర్వాజ పెట్టి వచ్చేసేది. మర్నాడు పొద్దున పోయి ఆ చిలపను తీసి చెంపకు రాసుకునేది. గరుకుగా తగిలితే "ఈ ఇల్లు దారాన్ని కొరుకుతది," అని కొంగు దులుపుకుని లేచేది. మెత్తగా తగిలితే కళ్లు మూసుకుని ఇంకోసారి రాసుకునేది. నేల చెమ్మ దారానికి పట్టింది అని దాని అర్థం. పొడి ఇంట్లో మగ్గం వేస్తే ఎండాకాలమంతా తెగిన పోగులు అతుక్కోవడమే సరిపోతుంది.

అట్లా మూడు ఇళ్లు పోయాయి. నాలుగోది పై వాడలో దొరికింది. మందపు మట్టిగోడలు, పెంకలు, మధ్యలో పెద్ద అర్ర. ఆ అర్ర పైకప్పులో ఒక గవాచి. దాంట్లోంచి వెలుగు సరిగ్గా మగ్గం మీదికే దిగుతుంది. గడ్డపార వెన్నలోకి దిగినట్టు దిగింది. అవ్వ చిలపను చెంపకు రాసుకుని నా చెంపకు కూడా రాసింది. "సూడే పోరి, పసిపిల్ల బుగ్గ లెక్క లేదూ!" అంది. నాయిన మొహంలో అంత సంబరం నేను అంతకుముందు చూడలేదు. వెనక్కి తిరిగి నడుస్తూ, దర్వాజ దగ్గర నెత్తి మీద కుండ పెట్టుకుని నిలబడిన అమ్మను అడిగాడు.

"ఆసు ఏడ బెట్టుకుంటవే?"

"నాదేమున్నది, ఏడనో ఓ మూలకు ఏసుకుంట," అంది అమ్మ, ఖాళీ చెయ్యి ఊపుతూ.

నాయిన అడగలేదని నేను అనను. అడిగాడు. అమ్మే ఆ మాట అంది. ఇల్లు దొరికిన సంబరంలో తన అడ్డం ఎందుకు అనుకుందో, కుండ బరువుకు మెడ లాగుతుంటే తొందరగా తెమల్చాలనుకుందో. ఆ ఒక్క మాట మా ఇంటిని రెండేళ్లు పట్టి పీడించింది.

ఆ ఇంట్లో మిగిలిన మూల పొయ్యి పక్కదే. కిటికీ లేదు. పొద్దున్నే అవ్వ పొయ్యి ముట్టించి జొన్న గటక కెలికేది. ఒక పక్క గటక, ఇంకో పక్క దారానికి పట్టించే గంజి. ఆకలి మీద ఉన్న నేను ఏ కుండ ఏదో వాసన చూసి చెప్పేదాన్ని. మధ్యాహ్నం పొయ్యి మీద రంగు నీళ్లు కాగేవి. పుల్లటి గంజి వాసన, ఘాటు రంగు వాసన, అవ్వ తంబాకు వాసన, పొగ. ఆ వాసనల నడుమ అమ్మ ఆసు ముందు కూర్చుని చెయ్యాడించేది. అమ్మ గాజులు తీసి గూట్లో పెట్టేది, చప్పుడుకు లెక్క తప్పుతుందని. అర్రలోంచి మగ్గం చప్పుడు, ఈ మూల నుంచి అమ్మ పెదవుల మధ్య లెక్క. మా ఇంటి చప్పుడంటే నాకు ఇప్పటికీ అదే.

మొదటి ఎండాకాలం గడిచేసరికి అమ్మ బియ్యంలో రాళ్లు కనిపెట్టలేకపోయేది. నన్ను పక్కన కూర్చోబెట్టి పట్టపగలు గాసునూనె బుడ్డి పట్టుకోమనేది. నా చెయ్యి గుంజి బుడ్డి వంగి ఒకసారి నూనె చుక్క దారం మీద పడింది. నూనె పడ్డచోట రంగు అంటదు. రెండు దినాల పని పోయింది. అమ్మ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండును అనిపించింది. బుడ్డి పొగకు నల్లగా మారిన ముక్కు కొంగుతో తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది. కళ్లల్లోంచి నీళ్లు కారుతూనే ఉండేవి. ఏడుపు కాదు, పొగ. కొన్నాళ్లకు ఏది పొగో ఏది ఏడుపో నాకు తెలిసేది కాదు. రాత్రి నిద్ర పట్టక నేను లెక్కేసుకునేదాన్ని, అమ్మకు కళ్లు పోతే అన్నం ఎవరు వండుతారు, నాకు జడ ఎవరు వేస్తారు, నన్ను గుర్తుపడుతుందా అని.

రెండో ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నాయిన మగ్గం ఆపి గుంటలోంచి లేచి వచ్చాడు. చేతిలో పేక నూలు చుట్టిన కండె. ఆ చీరలో పువ్వు రెక్కలు వరసగా విరిగిపోతున్నాయి.

"కండ్లు ఏడ బెట్టుకుని పోస్తున్నవే?" అని కండెను అమ్మ ముందు పడేశాడు.

అమ్మ తల ఎత్తకుండానే అంది. "కండ్లు మొకం మీదనే ఉన్నయ్. ఎలుగే ఇంట్ల లేదు."

"గవాచి కింద నేను కూసున్న గదా! నన్ను లేవమంటవా ఏంది?"

"నేనేమన్నన్న? నువ్వు కూసో."

అంతే. అమ్మ లేచింది. ఆసును ఎత్తి నెత్తి మీద పెట్టుకుంది. గడప దాటి, వాకిలి దాటి, బాట దాటి ఎదురింటి అరుగు మీద దించింది. ఎదురిల్లు ఖాసింబీ అత్తది. ఆమె పెనిమిటి గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు. వాళ్లింటి ముందు పొడవాటి అరుగు, దానిమీద పెంకల చూరు. పొద్దంతా వెలుగే గాని ఎండ మీద పడదు. అప్పటిదాకా అమ్మకూ ఆమెకూ మధ్య పొయ్యికి నిప్పు అడగడం, పండగకు సేవ్యాలు పంపడం, అంతవరకే.

ఒకరి ఇంటి ఆడది ఇంకొకరి అరుగు మీద ఆసు వెయ్యడం అంటే ఆ ఇంటి మగవాడికి పెళ్లాన్ని కూర్చోబెట్టుకునే జాగా లేదని ఊరికి చాటింపు వేసినట్టే. బాట మీద పోయేవాళ్లు ఆగి చూశారు. నాకైతే భూమిలోకి పోవాలనిపించింది. అమ్మ మళ్లీ ఇంట్లోకి వస్తుందా, నాయిన రానిస్తాడా అని అటొకసారి ఇటొకసారి చూశాను. లోపలి నుంచి ఖాసింబీ అత్త బయటికి వచ్చి అమ్మను చూసింది, ఆసును చూసింది, మా వాకిట్లో నిలబడ్డ నాయినను చూసింది.

"జర ఆగు వొదినె, గీ మేకను ఆ పక్క కడత. ఇది నీ దారం గూడ తింటది, నీ లెక్క గూడ తింటది," అంది.

అవ్వ ఊరుకుంటుందా? మా వాకిట్లోంచే అందుకుంది. "ఇల్లు ఇరుకైందానే రాణికి? మంది అరుగెక్కినవ్! నీ మొగని ఇజ్జత్ గూడ ఆసుకు సుట్టి తీస్తున్నవానే?"

"అవ్వా, ఎందుకు ఒర్రుతవ్," అంది ఖాసింబీ అత్త నవ్వుతూ. "గొంతు ఎండిపోతది. ఇటొచ్చి కూసొని తిట్టు, నీళ్లిస్త."

ఆ రోజు పొద్దు వాలాక అమ్మ ఆసు ఎత్తుకుని ఇంటికి వచ్చి, ఏమీ జరగనట్టే పొయ్యి ముట్టించింది. మర్నాడు పొద్దున పనులు తెమల్చి మళ్లీ ఆసు ఎత్తుకుని పోయింది. మూడో రోజూ అంతే. నాయిన అమ్మతో మాట్లాడలేదు. అవ్వ మూడు రోజులు వంతులేసుకున్నట్టు పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి తిట్టింది. అమ్మ చెయ్యి ఆగలేదు. ఇంకో తిప్పలొచ్చింది. బయట వేడిగాలికి దారం ఎండి పుటుక్కుమని తెగేది. బండ నున్నగా ఉండి, చెయ్యాడినప్పుడల్లా ఆసు జారేది. అమ్మ ఒక కాలితో ఆసును ఒత్తిపట్టి పోసేది. మాపటికి ఆ కాలు ఈడ్చుకుంటూ వచ్చేది.

నాలుగో రోజు అవ్వ తిట్టలేదు. పొద్దున్నుంచీ అటే చూస్తూ కూర్చుంది. అక్కడ దారం తెగినప్పుడల్లా ఇక్కడ అవ్వ నొసలు ముడిపడేది. తెగిన పోగు అవ్వ ఒంటికి తగిలినట్టుండేది. మధ్యాహ్నం లేచి, రంగు గాబు దగ్గర పడి ఉన్న గోనెపట్ట తీసి నీళ్లలో ముంచింది. నీళ్లోడుతున్న గోనెపట్టను మోసుకుంటూ బాట దాటి, ఖాసింబీ అత్త చూరుకు గాలి వచ్చే పక్క వేలాడదీసింది. ఆసు మీద దారం చెంపకు రాసుకుంది. కొంచెం ఆగి ఇంకోసారి రాసుకుంది. "ఎండినప్పుడల్లా తడుపుకో. నాకేం పనిలేదా," అని అమ్మ మొహం చూడకుండా వచ్చేసింది. ఆ తర్వాత అవ్వ బతికినన్నాళ్లూ ఆ గోనెపట్ట తడపడం అవ్వ పనే. మమ్మల్ని ముట్టనిచ్చేది కాదు.

గుంటల సంగతి ఆ తర్వాతి నెలది. విసుర్రాళ్లకు, రోళ్లకు గంట్లు కొట్టేవాళ్లు ఊళ్లోకి వచ్చారు. ఖాసింబీ అత్త వాళ్లను పిలిచి, విసుర్రాయికి కాకుండా అరుగు బండకు ఆసు కాళ్లు ఇమిడేటట్టు రెండు గుంటలు కొట్టించింది. గాజులాయన లబోదిబోమన్నాడు.

"సొంత అరుగుకు బొందలు కొట్టిస్తరే ఎవలన్న? దిమాక్ ఉన్నదా?"

"నీ మలారం తగిలియ్యనీకె గోడకు పది మేకులు కొట్టినవ్. నేను రెండు గుంటలు కొట్టిస్తే నీ పానం పోతదా?"

నేను అక్కడే నిలబడి విన్నాను. కిరాయి అర్రలో గుంట తవ్వుతామంటే తలుపేసిన ఊళ్లో, ఏమీ అడగని, కిరాయి తీసుకోని ఒక ఆడది మా అమ్మ కాలు నొప్పి చూసి తన బండను తానే తొలిపించింది. ఆ రోజు నుంచి అమ్మ కాలు చాపుకుని కూర్చుని పోసింది. పువ్వు రెక్కలు మళ్లీ కుదురుగా వచ్చాయి. అమ్మ కళ్లు పూర్తిగా బాగుపడలేదు గాని అంతకంటే చెడలేదు. అమ్మ పోయేనాటి దాకా నన్ను గుర్తుపట్టింది, నా జడలో తెల్లవెంట్రుక కూడా పట్టింది. నాయిన క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. మా నాయినలకు అది రాదు. ఒక మాపటేళ మాత్రం నేసిన చీర కొంగు తీసుకుని అరుగు దగ్గరికి వచ్చి వెలుగులో పరిచి చూపించాడు. "పువ్వు కుదిరింది," అన్నాడు. "కుదురుతది మరి," అంది అమ్మ. మర్నాటి నుంచి పొద్దున్నే ఆసు మోసుకెళ్లి అరుగు మీద దించేది నాయినే.

నన్ను అదే ఊళ్లో మేనత్త కొడుక్కిచ్చారు. అమ్మ తర్వాత ఆ బండ మీద నేను కూర్చున్నాను. తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు మా వాడకట్టులోకి ఆసు పోసే మిషన్ వచ్చింది. ముందు తిట్టుకున్నాను, నా చేతులు ఖాళీ అయితే ఏం చేసుకోవాలని. తర్వాత చూస్తే ఖాళీ చెయ్యి కూడా ఒక ఆస్తే. అప్పుడే సుజాత పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఆ అరుగు మీదే నాకు అక్షరాలు దిద్దించింది. యాభై దాటిన దాన్ని, పలక మీద 'అ' రాయడానికి ఒక పూట పట్టింది. ఖాసింబీ అత్త దర్వాజలో కూర్చుని చూసి, "బాలమణీ, గది అక్షరమా, కుక్క తోకనా?" అని పడిపడి నవ్వింది. ఆ నవ్వు కూడా మట్టిలోకి పోయింది. ఈ రాతంతా ఆమె అరుగు పెట్టిన భిక్షే.

శుక్రవారం మాపటికి వచ్చేటప్పుడు మహబూబ్‌తో, "బండను పగలగొట్టకు, ఏడనన్న పక్కకు పెట్టు," అని చెప్పి వచ్చాను. బస్సులో నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. కొత్త కాలనీలో ఆ గేటు ఉన్న ఇల్లు మళ్లీ కళ్ల ముందు పెట్టుకుని, అందులో సుజాత కుట్టుమిషన్ ఎక్కడ ఉందా అని వెతికాను. దొరకలేదు. నేను పోయి చూసి మంచిగున్నదని చెప్పి వచ్చిన ఇల్లు అది.

శనివారం పొద్దున ఇద్దర్నీ కూర్చోబెట్టి, మాట చెప్పేముందు రెండిళ్లూ ఇంకోసారి చూడాలన్నాను. అల్లుడు తల గోక్కున్నాడు గాని కాదనలేదు. పగలు పన్నెండింటికి పెద్దింటికి పోయాం. హాలులో నిలబడి అడిగాను.

"మిషన్ ఏడ బెడ్తవ్ బిడ్డా?"

సుజాత వంటింటి అల్మారాలు చూస్తూ అంది. "నాదేమున్నదమ్మా, ఏడనో ఓ మూలకు ఏసుకుంట."

అదే మాట, అదే తీరు, చెయ్యి అట్లా ఊపడం కూడా అదే. మా అమ్మ పోయినప్పుడు సుజాతకు ఆరేళ్లు. ఎక్కడ నేర్చింది ఆ మాట? నేనే నేర్పి ఉంటాను.

"నీదేమున్నదంటే? ఈ ఇంట్ల పొద్దుందాక కూసునేది ఎవరు? అల్లుడా, మీరు పొద్దుగాల పోతే మాపటికొస్తరు. గేటుకాడ పొద్దంత నిలబడేది మీరు గాదు, నేను గాదు. ఇది పొద్దుందాక మిషన్ ముందట కూసుంటది. గా జాగా సూసినంకనే గేటు సూడాలె."

"అత్తమ్మా, లైట్లున్నయ్ గదా, స్విచ్చేస్తే పట్టపగలే," అన్నాడు నర్సింహ.

"పట్టపగలుకు స్విచ్చెందుకయ్యా? ఆర్పుండ్రి జర."

లైటు ఆర్పేసరికి హాలు సందెవేళలాగా అయింది. కిటికీ ఉంది గాని దాని అవతల చెయ్యి చాపితే అందేంత దూరంలో పక్కింటి గోడ. నా కొంగు ముడిలోంచి సూది, నల్లదారం తీసి సుజాతకిచ్చాను. రెండుసార్లు ఎక్కించబోయింది, దారం చివర తడిపి ఇంకోసారి. ఎక్కలేదు. "ఇటియ్యి," అని నర్సింహ తీసుకున్నాడు. రోజంతా వెంట్రుకంత సన్నటి రాగితీగ చుట్టే చేతులు అవి. కళ్లు చికిలించి, సూదిని పైకెత్తి, పక్కకు తిప్పి, చివరికి సూది పట్టుకుని వాకిట్లోకి నడిచాడు. అక్కడ ఒక్కసారికి ఎక్కించి, అట్లాగే నిలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏందయ్యా?"

"ఏం లేదత్తమ్మా. నాకు బజారు లోపల పెద్ద దుకాణం దొరికింది ఒకప్పుడు. సీకటున్నదని ఇడిసిపెట్టి రోడ్డు మీద రేకుల డబ్బా పట్టిన. నాకు ఎలుగు గావాలె అని తెలుసు. దీనికి గావాలె అని తెల్వకపాయె." సుజాత వైపు తిరిగి, "నువ్వన్న చెప్పద్దానే?" అన్నాడు.

"అడిగినవా?" అంది సుజాత.

మధ్యాహ్నం రెండో ఇంటికి పోయాం. సన్న గల్లీ, పడమటి దర్వాజ, చిన్న గేటు, గోడల సున్నం పెచ్చులూడింది. కాని ముందు పక్క పొడవాటి వరండా, ఇనుప జాలీ, పైన కప్పు. ఎదురుగా ఏ గోడా లేదు, గల్లీ అక్కడ వెడల్పవుతుంది. సుజాత వరండా చివర కింద కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంది, విప్పింది, మళ్లీ ఎక్కించుకుంది. మాపటి ఎండ జాలీలోంచి వస్తుందని నర్సింహ అప్పటికే తాడుతో కొలతలు తీస్తున్నాడు, అక్కడ వెదురు తెర కట్టాలట. మా అవ్వ గోనెపట్ట గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. ఆదివారం దానికే మాట చెప్పారు.

అప్పటి ఇళ్లు మంచివి, ఇప్పటివి చెడ్డవి అని నేను రాయను. అప్పటి ఇంట్లో మా అమ్మ కళ్లు పోబోయాయి. ఇప్పటి ఇంట్లో నల్లా తిప్పితే నీళ్లొస్తాయి, వంట చేస్తుంటే కళ్లు మండవు, నాకు వేణ్నీళ్ల స్నానం ఉంది. అప్పుడు చెంపకు చిలప రాసుకుని చూసేవాళ్లు, ఇప్పుడు ఫోన్లో ఫోటోలు చూస్తున్నారు. రెండు కాలాల్లోనూ ఇంట్లో పొద్దంతా ఉండే మనిషి పక్కకు జరిగి నిలబడే అలవాటొకటి ఉంది. అది మానిపించడానికి ఒక ఖాసింబీ అత్త, ఒక అరుగు కావాల్సి వచ్చాయి. అందరికీ దొరకవు, మాకు దొరికాయి.

కొత్త ఇంట్లో పాలు పొంగించే రోజు మహబూబ్ చెప్పాపెట్టకుండా ట్రాలీ ఆటోలో బండ వేసుకుని వచ్చాడు. నలుగురు కలిసి దించారు. నర్సింహ చెమట తుడుచుకుంటూ వచ్చి అడిగాడు.

"అత్తమ్మా, నీ బండ ఏడ ఎయ్యాలె?"

నేను పాలకుండ వైపు చూస్తున్నాను. "నాదేమున్నదయ్యా, ఏడనో ఓ మూలకు..."

సుజాత చేతిలో గరిటె ఆగింది. నా వైపు తిరిగింది. "ఏమన్నవ్? ఇంకోపారి అను."

మహబూబ్ పగలబడి నవ్వాడు, అచ్చం వాళ్లమ్మ నవ్వు. సుజాత పాలు దించి, చెయ్యి తుడుచుకుని, నా సంచీలోంచి రాసుకునే పుస్తకం తీసింది. బండను వరండాలో తన మిషన్ పక్కన, గుంటలు నా వైపు ఉండేటట్టు వేయించి, నన్ను దాని మీద కూర్చోబెట్టింది. లోపల లైట్లన్నీ ఆర్పింది.

"రాయి," అంది.

"ఏం రాయాలె?"

"ఏదన్న ఓ పేరు రాయి. ఎలుగు సాలుతుందో లేదో సూద్దాం."

నేను రాశాను. నా అక్షరాలు ఇప్పటికీ కొంచెం కుక్క తోకల్లాగానే వంకర పోతాయి. సుజాత నా భుజం మీదుగా వంగి చదివింది. మహబూబ్ కూడా వంగి చదివాడు, చదివి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఖాసింబీ అని రాశాను. అన్ని గీతలూ కనిపించాయి.